ఎనభై మూడో పేజీ

మాంటెవీడియోలో జులై అంటే చలికాలం.
మూడో అంతస్తులో నేలిదా ఎచెవెర్రి
గ్యాస్ హీటర్ వెలిగించాలా వద్దా అని
రావలసిన డబ్బుల చీటీ ఒకసారి చూసి,
వచ్చిన డబ్బుల చీటీ చూడకుండానే
శాలువా ఇంకో చుట్టు చుట్టుకుంటుంది.

పొద్దున ఫ్రిజ్ కంపెనీ వాళ్ల వాడకం పుస్తకం.
"తలుపు తెరిచి యున్నచో తలుపును మూయవలెను."
బాగుచేస్తే మాటకింత అని కూలి.
బాగుచేస్తే మాటలు తగ్గుతాయి,
మాటలు తగ్గితే కూలి తగ్గుతుంది.
కూర్చున్న కొమ్మనే ఇరవై రెండేళ్లుగా
ఓపిగ్గా నరుక్కుంటోంది.
కొమ్మ ఇంకా విరగలేదు, అదో వింత.

మధ్యాహ్నం తేనెటీగల మీద ఎవరిదో పరిశోధన.
"పైపైన చూడండి చాలు" అన్నాడు కుర్రవాడు.
తర్వాత, "ఆ చేత్తోనే ముందుమాట కూడా..."
ఏ ఊళ్లోనైనా అంతే,
కొసరు అడగని బేరం ఉండదు.

సాయంత్రాలు మాత్రం డాన్ ఎవారిస్తోవి.
ముప్పై ఎనిమిదేళ్లు ఓడలకు దారి చూపిన మనిషి.
టీ రంగు నదిలో, ఇసుకమేటల మధ్య నుంచి
పరాయి ఓడను సముద్రం దాకా నడిపి
తాడు నిచ్చెన మీంచి చిన్న పడవలోకి దిగిపోయేవాడు.
ఏ ఓడ మీదా అతని పేరు లేదు.
ఉంటుందని అనుకోనూ లేదు.
ఆ బతుకంతా ఆరు నోటుపుస్తకాలు,
ఎక్కడా ఒక్క ఫుల్‌స్టాప్ లేదు.
"గాలి ఆగితే పెట్టేవాణ్ణే," అన్నాడు, "ఆగలేదు."

నేలిదా పైకి చదువుతుంది, గోడలకి వినిపించేలా.
ఊపిరి అందని చోట పెన్సిలుతో సన్నటి గీత.
బుర్రలో మాతే కషాయం చల్లారిపోతుంది,
గొట్టంలోంచి ఒక్క చేదు గుక్క,
మళ్లీ మొదటి వాక్యం నుంచి.
"అత్యంత భయంకరమైన" తీసేశాక
తుపాను పెద్దదయింది.
"నిజం చెప్పాలంటే" పదిహేడు చోట్ల ఉంటే
పదహారు కొట్టేసింది.
ఒకటి ఉంచింది,
అక్కడ అతను అబద్ధం చెబుతున్నాడు గనక.

ఒక్క మాట దగ్గర ఇద్దరికీ చెడింది.
గోధుమల ఓడ ఇసుకలో కూరుకుపోయిన రాత్రి.
"ఓడ దిగబడింది" అని రాశాడు.
అంచులో ఆమె: దిగబెట్టింది ఎవరు?
అంచులో అతను: ఓడ.
రెండు వారాలు ఫోను లేదు.
ఎక్కువ వేలు పెట్టానా,
అడ్వాన్సు తిరిగి అడుగుతాడా,
అది ఎప్పుడో కరెంటు బిల్లయిపోయిందే అని
నిద్రపట్టని రాత్రులు రెండో మూడో.
మూడో వారం కవరు వచ్చింది.
అదే కాగితం. ఓడను కొట్టేసి
వణికే అక్షరాలతో: నేనే దిగబెట్టాను.
అక్కడ ఫుల్‌స్టాప్ తనే పెట్టుకున్నాడు,
కాగితానికి చిల్లు పడేంత గట్టిగా.

మరుసటేడు అక్టోబరులో, అంటే వాళ్ల వసంతంలో,
పుస్తకం వచ్చింది.
కృతజ్ఞతల పేజీలో భార్య, పడవ సరంగు,
మోకాలు కోసి కుట్టిన డాక్టరు.
నేలిదా పేరు లేదు.
వెతకలేదని చెప్పను. రెండుసార్లు వెతికింది.
పేరు దొరకలేదు గానీ, ఎనభై మూడో పేజీలో
పంటికింద రాయి:
లంగరు లంగరు వేశాం.
నాలుగుసార్లు చదివిన పేజీ!
అచ్చుతప్పుని మనవాళ్లు
సరదాగా అప్పుతచ్చు అంటారు.
ఆమెకి ఆ సరదా తెలియదు,
అప్పు మాత్రం తెలుసు.
ఆ ఎక్కువ మాటకి కూడా కూలి కట్టి
బిల్లు పంపింది కదా.

ఫోను చేసి చెప్పింది.
"ఎనభై మూడులో ఒక లంగరు ఎక్కువ పడింది. తప్పు నాది."
అవతల చాలాసేపు నది చప్పుడు,
లేదా అతని ఊపిరి.
"నిజం చెప్పాలంటే," అన్నాడు డాన్ ఎవారిస్తో,
"ఆ రాత్రి రెండు వేశాం."

ఆమె దిద్దలేదు.
పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.
ఫ్రిజ్ వాళ్ల డబ్బు ఇంకా రాలేదు.